కుడిపక్క వెనక బ్రాకెట్టు

ఉదయగిరి నించి ఆత్మకూరు దాకా గంటన్నర దారి. తౌఫీక్ ఆ పాత పికప్పుని మూడు గంటలు నడిపాడు. కుడిపక్క వెనక చక్రానికి షాక్ అబ్జార్బర్ లేదు. అది, దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్టుతో సహా ఛాసీ నించి ఊడి వచ్చి, డ్రైవరు పక్క సీట్లో గోనెసంచి మీద పడుకుని ఉంది. చిన్న గతుకు తగిలినా బండి వెనక భాగం పడవలా ఊగుతోంది.

వెనకే చంద్రశేఖర్ కారు. బండి ఓనరు ఆయనే. ఉదయగిరిలో సిమెంటు, ఎరువుల హోల్‌సేల్ వ్యాపారం. మూడు గంటలూ హారన్ కొట్టకుండా, దాటిపోకుండా వెనకే వస్తున్నాడంటే ఆయనకి కోపం ఎంత ఉందో తౌఫీక్‌కి తెలుసు. తక్కువ కోపమైతే ఆయన తిట్టి వదిలేస్తాడు.

జరిగింది చిన్నదేమీ కాదు. నాలుగు రోజుల కింద సీతారామపురం రోడ్డులో, ముప్పై సిమెంటు బస్తాలతో దిగుడు దిగుతుంటే ఆ బ్రాకెట్టు ఊడింది. వేలాడుతున్న షాకు ఊగి బ్రేకు పైపుని తెంపేసింది. తౌఫీక్ ఇంకేం చెయ్యలేక బండిని గట్టుకి ఎక్కించి ఆపాడు. బస్తాల మీద కూర్చున్న నాగులమ్మ, దింపుడు కూలికి వచ్చిన మనిషి, రాళ్ల మీద పడింది. తుంటి ఎముక విరిగింది. ఇక నడుస్తుందో లేదో ఆసుపత్రిలో ఎవరూ చెప్పడం లేదు. ఆమె మనుషులు స్టేషన్‌కి పోయారు. డ్రైవరు బరువెక్కువ వేశాడని ఓనరు ఒక్క మాట రాసిస్తే కేసు తౌఫీక్ మీదికి పోతుంది. ఇంతకు ముందొకసారి చంద్రశేఖర్‌కి చెప్పకుండా బయటి బస్తాలు వేసుకుని దొరికినవాడే తౌఫీక్. అందుకని ఈసారి వేసుకోలేదు మొర్రో అన్నా వినేవాడు లేడు.

రాసిచ్చే ముందు ఒక్క మనిషి మాట వినాలని చంద్రశేఖర్ పట్టుబట్టాడు. ఆ మనిషి షంషుద్దీన్. రెండు వారాల కింద ఆ బ్రాకెట్టు అతికించింది ఆయనే. అందుకే బ్రేకు పైపు మాత్రం కొత్తది వేయించి, బ్రాకెట్టు ఊడింది ఊడినట్టే తెచ్చారు.

ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు మీద షంషుద్దీన్ వెల్డింగ్ షెడ్డుకి బోర్డు లేదు. ముప్పై రెండేళ్లలో దాని అవసరం పడలేదు. సోమశిల నించి చేపల ఆటోలు, వింజమూరు నించి ట్రాక్టర్లు దారిలో పది షాపులు దాటుకుని ఆయన దగ్గరికే వచ్చేవి. షంషుద్దీన్ భాయ్ అతికిస్తే పక్కన ఇనుము విరగాలి గానీ అతుకు ఊడదని డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు. ఎవరన్నా ఆ మాట మొహం మీదే అంటే ఊరుకోండయ్యా అనేవాడు గానీ, ఆ పూట అన్నం ఒక ముద్ద ఎక్కువే తినేవాడు.

అట్లాంటి మనిషికి ఎనిమిది నెలలుగా ఎదురుగా ఉన్నది కనపడటం లేదు. పక్కలవి కనపడతాయి. ఆకాశం కనపడుతుంది. మనిషి వస్తే చెవులూ భుజాలూ కనపడతాయి, మొహం ఉండాల్సిన చోట మసక. ఎక్కడ చూస్తే అక్కడే మసక. నెల్లూరులో డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది, వెల్డింగు వెలుగుకి కంటి లోపలి పొర కాలిపోయిందని, ఆపరేషన్‌తో వచ్చేది కాదని, ఆ రోజు నించే పని మానెయ్యమని. ఆయన ఇంటికొచ్చి భార్య రజియాతో అద్దాలు మార్చమన్నారని చెప్పాడు. మర్నాడు పొద్దున్నే షెడ్డు తీశాడు. సంపాదన కోసమా అంటే, ఇద్దరు మనుషుల తిండికి లోటు లేదు. పొద్దున లేచి ఎక్కడికి పోవాలో తెలియని మనిషిగా బతకడం ఆయనకి చేతకాదు, అంతే.

ఎట్లా చేసేవాడంటే, చెవితో. ఎడమచేతి గోటితో జాయింటు తడిమి, రాడ్డు కొన అక్కడ ఆనించి, నల్లద్దం అడ్డం పెట్టుకుని మొదలుపెట్టేవాడు. ఆ తర్వాత చప్పుడే దారి. రాడ్డు సరిగ్గా కాలుతుంటే బజ్జీలు వేగుతున్న చప్పుడు వస్తుంది. చెయ్యి కొంచెం దూరమైతే చిటపటలాడుతుంది, మరీ దగ్గరైతే మూగబోతుంది. ఆ చప్పుడు చెడకుండా చివరిదాకా లాక్కెళ్లేవాడు. పని అయ్యాక నల్ల పెయింటు వేసేవాడు. ఎనిమిది నెలల్లో ఏ బండీ తిరిగి రాలేదు. ఆ ధైర్యంతో డాక్టరమ్మ మాటని పూర్తిగా పక్కన పెట్టేశాడు.

బండి షెడ్డు ముందు ఆగింది. తౌఫీక్ బ్రాకెట్టుని రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చాచా, నువ్వే చూసి చెప్పాల," అన్నాడు.

చంద్రశేఖర్ కారు దిగి నీడలోకి వచ్చాడు. "భాయ్, నాకు మెకానిజం తెలవదు. నీ మాట మీద నాకు నమ్మకం ఉండాది. వీడు బరువెక్కువ ఏసినాడా, ఇంకోటేమన్నానా? నువ్వు ఎట్టా చెప్తే అట్టా రాసిస్తా."

షంషుద్దీన్ బ్రాకెట్టు అందుకున్నాడు. కళ్లతో చూస్తున్నట్టు పైకెత్తాడు గానీ చూసింది బొటనవేలు. అంచు నున్నగా ఉంది. అతుకు తెగితే అంచు గరగరలాడాలి, ఛాసీ ముక్క పీక్కొస్తే పళ్లు పళ్లుగా ఉండాలి. ఇది కోసి తెచ్చిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. మూడు మూలల్లో మాత్రం గోరంత అంటిన గుర్తు ఉంది. ఆయన బండి కిందికి దూరి ఛాసీ తడిమాడు. అక్కడ అతుకు ఉంది. బ్రహ్మాండంగా ఉంది, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. ఉత్త ఛాసీ మీద, జాయింటుకి అరంగుళం పక్కన.

రాడ్డు జాయింటు మీద పోయినా, పక్కన వట్టి ఇనుము మీద పోయినా చప్పుడు ఒకటే. ఆ సంగతి ఆయన చెవికి తెలియదు. ముప్పై రెండేళ్లూ కన్ను చూసుకున్న పని అది, చెవికి ఎందుకు తెలుస్తుంది? మొదలుపెట్టిన చోటల్లా గోరంత అంటుకుంది. ఆ గోరంత మీద బ్రాకెట్టు పది రోజులు నిలబడింది.

బండి కింద వెల్లకిలా పడుకుని ఆయన చాలాసేపు లేవలేదు. నాగులమ్మ పడిన సంగతి ముందే ఫోన్లో విన్నాడు గానీ, ఆమె ఎట్లా ఉంటుందో ఆయనకి తెలియదు. అయినా రాళ్ల మీద పడిన ఆడమనిషి కళ్ల ముందుకొచ్చింది. విచిత్రమేమిటంటే ఆ మనిషి మొహం మసకగా లేదు.

"ఏంది భాయ్, ఏమంటావు?" అని పైనించి చంద్రశేఖర్ అడిగాడు.

షంషుద్దీన్ బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. నోరు విప్పితే షెడ్డు పోతుంది. విప్పకపోతే తౌఫీక్ పోతాడు. ఇంత తేలికైన లెక్క ఇంకోటి ఉండదు. ఆ లెక్క దగ్గర కూడా ఆ పెద్దమనిషి తప్పటడుగు వేశాడు.

"బరువెక్కువైతే ఏదైనా ఊడుద్ది అన్నా," అన్నాడు నేల చూస్తూ.

చంద్రశేఖర్‌కి అంత చాలు. తౌఫీక్ వైపు చెయ్యి చాపాడు. "తాళం ఇయ్యి."

తౌఫీక్ బతిమాలతాడని, అరుస్తాడని షంషుద్దీన్ అనుకున్నాడు. అరిస్తే బాగుండు, తనకీ కోపం వచ్చేది. తౌఫీక్ జేబులోంచి తాళం తీసి ఇచ్చేసి, తలగోక్కున్నాడు.

"చాచా చూసి చెప్పినాడంటే అట్నే ఉంటాది లే అన్నా. ముప్పై బస్తాలే ఎక్కించినా. ఆ గతుకులో నేనే గట్టిగా దింపినానేమో. సైదాకి ఏం చెప్పుకోవాలో తెలవడం లా."

సైదా అతని భార్య, ఏడో నెల. ఆ సంగతి షంషుద్దీన్‌కి తెలుసు. తన కళ్ల మీద తనకున్నదాని కంటే ఎక్కువ నమ్మకంతో ఈ కుర్రాడు తన మాట మీద నిలబడి, చెయ్యని తప్పుని నెత్తిన వేసుకుంటున్నాడు. షంషుద్దీన్‌కి తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

"తాళం వాడికియ్యి అన్నా," అన్నాడు. "తప్పు నాది. అతుకు జాయింటు మీద పడలా. ఎనిమిది నెలల నించి నాకు కళ్లు కనపడవు."

చంద్రశేఖర్ నవ్వాడు. ఆ నవ్వులో మర్యాద కూడా ఉంది.

"ఊరుకో భాయ్. పిలకాయ ఇల్లు చెడతాదని జాలిపడి నెత్తినేసుకుంటుండావు. మనసు మంచిది నీది, నాకు తెలవదా? ముప్పై ఏండ్లుగా నీ అతుకు ఊడింది లేదు. ఇప్పుడే ఊడిందా?"

"కిందికి దూరి చూడు అన్నా."

"నేను చూస్తే నాకేం తెలుస్తాది? అంతా నల్లగా ఉంటాది. పోనీలే, కేసులో నీ పేరు రానియ్యను." చంద్రశేఖర్ కారు వైపు నడిచాడు.

ముప్పై ఏళ్లుగా తిని హాయిగా అరిగించుకున్న మెప్పంతా ఇప్పుడు గొంతుకి అడ్డం పడింది. నిజం చెబితే నమ్మే దిక్కు లేదు.

"ఆగన్నా!" షంషుద్దీన్ అరుపుకి పక్క టీకొట్లో మనుషులు ఇటు తిరిగారు. "ఒక్క రాడ్డు కాలిందాకా ఆగు. తర్వాత నీ ఇష్టం."

పాత ఇనుములోంచి జానెడు ముక్కలు రెండు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. తౌఫీక్‌ని పట్టకారుతో కదలకుండా పట్టుకోమన్నాడు. చంద్రశేఖర్ చేతికి ఒక నల్లద్దం ఇచ్చాడు. గోటితో జాయింటు తడిమాడు, రాడ్డు ఆనించాడు. ఎప్పటిలాగే చేశాడు. తప్పు చెయ్యాలని చెయ్యలేదు. ఇంకా చెప్పాలంటే, లోపల ఎక్కడో ఈ ఒక్కసారి సరిగ్గా పడాలని దేవుణ్ని వేడుకున్నాడు కూడా. చప్పుడు శుభ్రంగా వచ్చింది. ఎక్కడా చెడలేదు. చివరిదాకా లాగి, హోల్డరు పక్కన పెట్టి, పైన కట్టిన చిట్టెం సుత్తితో కొట్టి రాల్చాడు. నీళ్లు పోసి చల్లార్చి చంద్రశేఖర్‌కి అందించాడు.

"వంచు."

చంద్రశేఖర్ వంచాడు. పెద్దగా బలం పెట్టలేదు. టిక్కుమని రెండు ముక్కలూ విడిపోయి చెరో చేతిలోకి వచ్చాయి. ఒక ముక్క ఖాళీ. రెండోదాని మీద అతుకు మొత్తం తళతళలాడుతూ ఉంది.

టీకొట్టు నించి వచ్చిన మనుషులు ఆ ముక్క చూసి, షంషుద్దీన్ మొహం చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి పోయారు. ఆయన స్విచ్చు దగ్గరికి పోయి మెషీను ఆపేశాడు. ఇక అది తన చేతి మీద నడవదని ఆయనకి తెలుసు. ఏడుపు రాలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

చంద్రశేఖర్ తాళం తౌఫీక్ చేతిలో పెట్టాడు. "నాగులమ్మ మనుషులతో నేను మాట్లాడతా. నీ మీద రాయనులే," అన్నాడు. తర్వాత ఆ ఇనుప ముక్కలు బల్ల మీద పెడుతూ, చాలా మెల్లగా అడిగాడు.

"భాయ్, ఈ ఎనిమిది నెలల్లో ఇంకెన్ని చేసినావు?"

షంషుద్దీన్ తలెత్తాడు. ఇంతసేపూ ఆయన బుర్రలో ఉన్నది ఒక్క బ్రాకెట్టు, ఒక్క తౌఫీక్, ఒక్క షెడ్డు. ఈ ప్రశ్న ఆయన వేసుకోనే లేదు.

"సీతారామపురం నీళ్ల ట్యాంకరు హుక్కు," అన్నాడు. "సోమశిల చేపలోళ్ల ఆటో, ఇరుసు. చర్చి మిద్దె మెట్లు..." వేళ్లు మడుస్తున్నవాడు ఆగిపోయాడు. "మాలకొండయ్య స్కూలు బండి. ఇదే పని. ఇదే బ్రాకెట్టు, రెండు పక్కలా."

తౌఫీక్ ఫోను తీశాడు. మాలకొండయ్య నంబరు డ్రైవర్లందరి దగ్గరా ఉంటుంది. మోగీ మోగీ మాలకొండయ్య ఎత్తాడు. తౌఫీక్ ఫోను షంషుద్దీన్ చేతిలో పెట్టాడు. వెనక పిలకాయల గోల వినపడుతోంది.

"మాలకొండయ్యా, నేను షంషుద్దీన్‌ని. బండి ఆపు. యాడుంటే ఆడ ఆపెయ్. నేను ఏసిన వెల్డింగు ఊడిపోతాది."

అవతల పకపకా నవ్వు. "నీ వెల్డింగు ఊడేదేంది భాయ్! ఎవురన్నా వింటే నవ్విపోతారు. బండిలో పిలకాయలుండారు, వింజమూరు రోడ్డెక్కినా, ఇండ్లకాడ దింపినాక మాట్లాడతా." ఫోను పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

చంద్రశేఖర్ అప్పటికే కారు స్టార్ట్ చేశాడు. షంషుద్దీన్ షెడ్డు తలుపు వెయ్యకుండానే పరుగున వచ్చి ముందు సీటు తలుపు తీశాడు. తీసి, ఎక్కబోయి ఆగి, తౌఫీక్‌ని భుజం పట్టుకుని ముందుకి లాగాడు.

"ముందర నువ్వు కూచోరా. పసుపు బండి కనపడితే చెప్పు," అని వెనక సీట్లోకి ఎక్కాడు.