నువ్వుగింజంత బటన్లు

"ఆ పలక గీకుడు ఆపి జర రొట్టెలు చెయ్, ప్రేమా," అంది మా అత్తమ్మ సుగుణమ్మ. లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు నేను ఉద్యోగం చేస్తున్నట్టు కనిపించేది ఆమెకు. టాబ్ మీద వేలు జరుపుతుంటే మాత్రం ఆడుకుంటున్నట్టే ఉంటుందట.

ఆ లాప్‌టాప్ నా జీతంతో కొనుక్కున్నది. పోయిన వారం మా ఆయన జితేందర్ దాన్ని గోపాల్‌పేటలోని తన విత్తనాల దుకాణానికి పట్టుకుపోయాడు. డీలర్లకు కంపెనీ ఊరికే పంచిన టాబ్‌ను చుట్టాల ముందు నా చేతిలో పెట్టి, "నీకనే తెచ్చిన. దాంట్ల గదే, దీంట్ల గదే," అన్నాడు. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. నేనూ నవ్వాల్సి వచ్చింది, ఛీ.

గదే కాదు. నేను కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ మౌస్ కోసం చేసింది. దాని బటన్లు నువ్వుగింజంత, వేలు పెడితే మూడు మూసుకుపోతాయి. తెర మీద కీబోర్డు లేచిందంటే రాసిన దాంట్లో సగం కనబడదు. ఒక్క బ్రాకెట్ పెట్టాలన్నా కీబోర్డు మార్చాలి, మళ్ళీ వెనక్కి రావాలి. ఈ సాయంత్రంలోగా కోడ్‌లో తప్పులు సరిచేసి పంపకపోతే ఈ పని ఇంకొకరికి ఇస్తామని ఆఫీసు వాళ్ళు చెప్పేశారు. "నిమ్మళంగ చేసుకో," అంటాడు ఆయన. ఈ ఇంట్లో నిమ్మళం నాకెప్పుడు దొరికింది?

సేవ్ చేయబోతే పక్క బటన్ తగిలింది. మార్పులన్నీ తీసెయ్యాలా అని అడిగింది టాబ్. వద్దని నొక్కేలోగా వంటింట్లోంచి మళ్ళీ కేక. రొట్టెలు కొట్టి వచ్చేసరికి నా చేతి జొన్నపిండి తెరకంటింది. చున్నీతో తుడిచాను. బట్ట కింద నా వేలే అవునని చెప్పేసింది. పొద్దుటి నుంచి చేసిందంతా పోయింది.

ఫోన్ చేస్తే జితేందర్ నవ్వాడు. "ఏముంది, మళ్ల కొట్టు. లాప్‌టాప్ ఈడ ఉంటే రైతుల ముంగట దుకాణానికి జర షాన్ ఉంటది."

షాన్ కోసమట, దర్జా కోసమట. వనపర్తిలో గోపాల్‌పేట బస్సెక్కాను.

దుకాణంలో ఆయన నా లాప్‌టాప్‌లో పేకాట ఆడుతున్నాడు. ఎదురుగా రైతులు నిలబడి ఉన్నారు.

"లెవ్వు," అన్నాను.

"మందిల ఇజ్జత్ తియ్యకు. తీస్కొని ఇంటికి పో," అన్నాడు లేస్తూ, గొంతు తగ్గించి.

ఆట మూసేసి ఆయన కుర్చీలో కూర్చున్నాను.

"ఇంటికి పోతే పని కాదు. సాయంత్రం దాక ఈడనే కూసుంట. రైతులు అడిగింది నువ్వు నిలబడి చెప్పు."