నఫీసాకు టీసీ ఇస్తారంట

కువైట్‌లో మా ఇండియన్ స్కూలు ఎంత చిన్నదంటే, ప్రిన్సిపాల్ సార్ తుమ్మితే అన్ని క్లాసులోళ్లూ లేసి నిలబడతారు. ఆ సార్ నిన్న పేరెంట్స్ మీటింగులో చార్టు చూపిచ్చి, "ఇంజనీర్ల పిల్లలకు తొంభై దాటుతున్నాయి. డ్రైవర్ల పిల్లలే మన రిజల్టును కిందికి లాగుతున్నారు. నఫీసా టెన్త్ పరీక్షకు ముందే టీసీ తీసుకోవాలి" అన్నాడు.

నఫీసాది నా బెంచీనే. వాళ్ల నాయన ఖాసిం వలి మా స్కూలు బస్సు డ్రైవరే, నేను చిన్నాయనా అని పిలుస్తా. బస్సు ఆయాను తీసేసి, ఆ పని కూలి లేకుండా నఫీసాతో చేపిస్తాండారు. తెల్లారకముందే బస్సెక్కి ఊరందరి పిల్లోళ్ల ముక్కులు తుడిస్తే, ఇంగ లెక్కలెప్పుడు చేస్తాది?

మీటింగులోనే నేను లేసి అరవబోతే చిన్నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు పాపా. నా ఇఖామా, ఈ దేశంలో ఉండే పర్మిట్టు, వీళ్ల చేతిలో ఉండాది."

"సరే, నేను గమ్మునుంటా. నఫీసా గూడా గమ్మున కూచుంటాది."

ఈ పొద్దు నఫీసా వెనక సీట్లో కూచోని లెక్కలు చేసుకునింది. ఎల్‌కేజీ సైన్యం గేటు కాడ దిగింది. క్లాసుకు తీసకపొయ్యేవాళ్లు లేరు గదా, నేను దోవ చూపిస్తే నేరుగా సార్ రూములోకి పోయింది. ఏడుపు సౌదీ దాకా వినపడింది. ఒకడు సార్ కుర్చీ తడిపేసినాడు.

సార్ ఇంకొకణ్ణి చంకనేసుకోని బయటికొచ్చి, "నఫీసా ఎక్కడ?" అని కేకేసినాడు.

"మీ స్కూలు పిల్ల కాదన్నారు గదా సార్. మీ స్కూలు పనెట్ల చేస్తాది?" అన్నా నేను.

చంకలోవాడూ తడిపినాడు.

"టీసీ లేదు, ఏం లేదు! ఇక్కడే రాయనీ! ఆయాను పెడతా! ముందు వీణ్ణి పట్టుకోండి!"

"సార్‌కు థాంక్స్ చెప్పు పాపా" అని చిన్నాయన నన్ను మొట్టినాడు.

నేను చెప్పలేదు. సార్ నఫీసాకు సారీ చెప్పినాడా?