లెక్కపెట్టని కానుగలు

ముళ్ళకంప పక్కకు జరిపి కడవ వంచబోయిన కదిరయ్య చెయ్యి గాలిలోనే ఆగిపోయింది: గుంతలో మొక్క లేదు.

నిన్న సాయంత్రం ఉంది. అడుగున్నర ఎత్తు కానుగ మొక్క, మూడు రెమ్మలు. దాని పేరు పొట్టిది. కదిరయ్య కావడి దించి గుంత పక్కన గొంతుక్కూర్చున్నాడు. మేక మేసి ఉంటే మొదలైనా మిగలాలి. ఎద్దు తొక్కి ఉంటే గుంత చెదరాలి. ఇక్కడ ఎవరో పలుగుతో చుట్టూ గుల్ల చేసి, వేళ్ళకు పట్టిన మట్టితో సహా ముద్దగా ఎత్తుకుపోయారు. పైగా కంప మళ్ళీ యథాస్థానంలో పెట్టి, ఈతనారతో కట్టి మరీ వెళ్ళారు. ఇల్లు దోచి తలుపు వేసి వెళ్ళిన దొంగను అతను తన అరవై ఏళ్ళలో చూడలేదు.

ఆ కట్టు కూడా అతనిది కాదు. ఒంటిచేత్తో లాగితే ఊడిపోయే ముడి కదిరయ్యది. ఇదేమో గోళ్ళకు లొంగక కొడవలితో కోయాల్సి వచ్చింది.

అతను లేచి పక్క గుంతకు పరుగెత్తాడు. సన్నటి పొడుగుమనిషి, మోకాళ్ళ దాకా ఎర్రటి దుమ్ము, కుడిభుజం మీద కావడి బద్ద చేసిన కాయ నిమ్మపండంత ఉంటుంది. ఎర్రబండపల్లి నుంచి హొసకోటకు పోయే బండిబాట పొడుగునా ఆ కావడి అతన్ని రెండు ఎండాకాలాలు నడిపించింది. మూడో ఫర్లాంగు దగ్గర బుగ్గలది లేదు. వంక దాటాక సుంకులమ్మ నాటిన జంట లేదు. పెద్ద మొక్కలు క్షేమం. పోయినవన్నీ ఈ వానలకు ఖాళీలు పూడ్చడానికి నాటిన పసిమొక్కలే. ఏ గుంతలో ఏది ఎప్పుడు నాటారో తెలిసినవాడే ఈ పని చేశాడు.

ఎన్ని పోయాయో కదిరయ్య లెక్కపెట్టలేదు. గొల్లవాడు మంద లెక్కపెట్టడు, లెక్కపెడితే తగ్గిపోతుందని నమ్మకం. ముప్పై ఏళ్ళు పరాయి వాళ్ళ గొర్రెలను ముఖాలతో, పేర్లతోనే కాచాడు. రోగం వచ్చి మందలు పోయాక గ్రామ పంచాయితీ అతన్ని పిలిచి చెట్లకావలి ఇచ్చింది. మేక ఏ సందులో దూరుతుందో తెలిసినవాడే దాన్ని ఆపగలడని అధ్యక్షుడు చౌడప్ప ఆలోచన. చెట్లకూ అతను పేర్లే పెట్టుకున్నాడు.

ఈ రోజు సోమవారం. పావగడ నుంచి తాలూకా అధికారి అమలుదారుగారు వచ్చి చెట్లు చూసుకునే రోజు. కదిరయ్య కొలువుకు ఆఖరి రోజు కూడా. రెండు ఎండాకాలాలు దాటిన చెట్లకు కావలి అక్కరలేదని సర్కారు ఉత్తరువు. సాయంత్రం అతను సీమ సరిహద్దు గడి దాటి, మడకశిర వైపు ఉన్న కూతురు తిప్పమ్మ ఊరికి వెళ్ళిపోవాలి. మందను యజమానికి అప్పగించే రోజు ఒక్క గొర్రె తగ్గినా కాపరికి తల ఎత్తే మొహం ఉండదు. ముప్పై ఏళ్ళలో రాని ఆ గతి చివరి పూట వచ్చింది.

చచ్చిన గొర్రె చెవి కోసుకొచ్చి యజమానికి చూపడం కాపరి ధర్మం. కదిరయ్య కోసిన నారముడులను ఒక్కొక్కటే ఏరి తువ్వాలు కొంగున కట్టుకున్నాడు.

ఎద్దులతో నీళ్ళు తోడే కపిలబావి దగ్గరకు వచ్చేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. సోమవారం ఎద్దులకు మడక కట్టి దున్నరు కాబట్టి ఇంటికొకరు సగం పూట ఊరిపనికి రావాలని పంచాయితీ కట్టుబాటు. మొదట్లో తిట్టుకుంటూ వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఎవరింటి నుంచి ఎవరు రాలేదో వెతికి మరీ వేళాకోళం ఆడతారు. అందర్నీ పిలిచే పని దాసప్పది. నడుముకు పెద్ద ఉరుము వాద్యం వేలాడేసుకుని, దాని తోలు మీద పుల్లతో రుద్దుతూ వీధి వీధీ తిరుగుతాడు. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఏదో నములుతూ ఉంటాడు. కదిరయ్యకు ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క నేస్తం.

"ఏందిప్పా కదిరన్నా, ముఖం అట్ల యాలాడేసినావు?" అన్నాడు దాసప్ప.

"పొట్టిది లేదు. బుగ్గలది లేదు. సుంకులమ్మ జంట లేదు. ఎవురో తవ్వుకోని పోయినారు."

బిందె చంకన పెట్టుకున్న సుంకులమ్మ గిరుక్కున తిరిగింది. "నా జంటనా? రెణ్ణెల్లు ఎండలో నెత్తిన నీళ్ళు మోసినా వాటికి. వాడు కంటబడితే ఆ గుంతలోనే వాణ్ణి నాటి కంప కప్పుతా."

"హొసకోట మేకలై ఉంటాయిలే," అన్నాడు దాసప్ప.

"మేకలు ముడి ఏస్తాయా దాసూ?"

దాసప్పకు ఉన్నట్టుండి ఉరుము కాచాల్సిన అవసరం వచ్చింది. కాసింత చెత్త పోగేసి మంట పెట్టి, తోలును సెగకు తిప్పుతూ కూర్చున్నాడు.

చౌడప్ప మాత్రం కంగారుపడలేదు. మీసం సర్దుకుని కదిరయ్యను పక్కకు తీసుకుపోయాడు. "దీనికింత దిగులేల? ఆ పెద్ద కానుగ కొమ్మలు నాలుగు ఇరిచి గుంతల్లో గుచ్చుదాం. పచ్చగా ఉంటాయి. అమలుదారు గుర్రబ్బండి దిగి పీకి చూస్తాడా ఏంది?"

"వద్దు చౌడప్పా. పోయింది పోయిందని చెప్పల్ల."

"ఊరి పేరు పోతాదప్పా."

"నా పేరు జెప్పు. కావలోడు నిద్రపోయినాడని జెప్పు."

అమలుదారుగారు తలపాగా, నల్లకోటుతో పొద్దు బారెడెక్కాక దిగారు. కార్యదర్శి గంగాధర పుస్తకం తెరిచాడు. "కావలివాడా, మొత్తం ఎన్ని?" అన్నారు అమలుదారు.

"లెక్క నాకు లేదు సామీ. ముఖాలు తెలుసు. నడుస్తా చెప్తా."

నడిచాడు. బండిబాట వెంట అతను ముందు, వెనక అమలుదారు, వారి వెనక ఊరు. "ఇది కుంటిది, పోయినేడు బండిచక్రం ఎక్కి కోలుకొనె. ఇది బోరమ్మది, చంటిబిడ్డను చెట్టుకింద పండబెట్టల్లని పెట్టింది. ఇది మొండిది, రెండుతూర్లు మేక కొరికినా చావలే." ఖాళీ గుంత వచ్చిన ప్రతిచోటా ఆగి, కంప తానే ఎత్తి చూపించాడు. "ఈడ పొట్టిది ఉండె. ఎత్తుకపోయినారు. నాదే తప్పు." తువ్వాలు కొంగు విప్పి ముడి తీసి చూపించాడు.

"ఇదేమిటి?"

"చెవి సామీ."

గంగాధర తొమ్మిది ఖాళీలు రాసుకున్నాడు. దాసప్ప ఎందుకో సంతోషంగా కనిపించాడు. చౌడప్ప కళ్ళు మూసుకున్నాడు.

అమలుదారుగారు మాత్రం నవ్వడం మొదలుపెట్టారు. కోటు గుండీలు కదిలేలా నవ్వారు. "నిన్న ఒక ఊళ్ళో చెట్టు ఎంత బలంగా ఉందో చూద్దామని చెయ్యి వేశాను. చెట్టు చేతికొచ్చింది. పక్కదీ వచ్చింది. వరసంతా గుచ్చిన కొమ్మలే. ఖాళీ గుంత తనంతట తాను చూపించిన కావలివాణ్ణి ఈ తాలూకాలో ఇవాళే చూశాను." ఆయన పుస్తకం అందుకుని తానే రాశారు. ఊరు బాగా కాచిందనీ, తొమ్మిదీ వచ్చే వానలకు నాటుకుంటే చాలుననీ, చెట్లు నిలదొక్కుకున్నాయి కాబట్టి ఉత్తరువు ప్రకారం కావలి ముగిసిందనీ రాసి సంతకం పెట్టారు.

ఊరు కేక పెట్టింది. చౌడప్ప కళ్ళు తెరిచి, అంతా తన ఏర్పాటే అన్నట్టు నిలబడ్డాడు. దాసప్ప ముఖం ఒక్కటే చల్లారిన సంగటిముద్దలా అయింది.

బావిగట్టున అందరికీ రాగిసంగటి, ఉలవచారు. సుంకులమ్మ కదిరయ్యకు వద్దన్నకొద్దీ వడ్డించింది. దాసప్ప భోజనాలకు కనిపించలేదు. అంతా చేతులు కడుక్కునే వేళకు చెమటలు కక్కుతూ వచ్చి, మిగిలిన ముద్ద నిలబడే మింగాడు.

పొద్దు వాలింది. చౌడప్ప కదిరయ్యకు కొత్త తువ్వాలు కప్పాడు. కదిరయ్య కడసారి కావడి చూసుకుందామని బావి పక్క చింతచెట్టు దగ్గరకు వెళ్ళాడు. ఎప్పుడూ తగిలించే కొమ్మకు అది లేదు. పంచాయితీవాళ్ళు అప్పుడే తీసి దాచినట్టున్నారు. సర్కారు సొమ్మే కదా అనుకున్నాడు గానీ, కుడిభుజం బోసిగా తోచింది. ఎవరికీ చెప్పకుండా మూట చంకన పెట్టుకుని బాట పట్టాడు. సోమవారం బండి కట్టరు. దాసప్ప ఉరుము వీపున వేసుకుని తోడు నడిచాడు.

చెట్టు చెట్టునూ తాకుతూ నడిచాడు కదిరయ్య. మొండిదాని ఆకు ఒకటి తుంచి వాసన చూశాడు. చెట్లు అయిపోయాక అర కోసు దూరం ఉత్త బయలు. మైసూరు సీమ ముగిసి మద్రాసు సీమ మొదలయ్యేచోట గడిరాయి నిలబెట్టి ఉంది. దాని అవతల, తిప్పమ్మ ఊరికి పోయే బాట పక్కన, కొత్త కంపలు వరసగా కనిపించాయి.

కదిరయ్య వంగి మొదటి కంపలోకి చూశాడు. మూడు రెమ్మలు.

"పొట్టిదానా," అన్నాడు మెల్లగా.

రెండోది బుగ్గలది. ఆ తర్వాత సుంకులమ్మ జంట. పాత తువ్వాలు కొంగున ఉన్న ముడి తీసి కంప మీది ముడి పక్కన పెట్టాడు. రెండూ ఒకటే. తలెత్తి దాసప్ప వీపున ఉన్న ఉరుము చూశాడు. తోలును బిగించిన తాళ్ళన్నిటికీ అదే ముడి.

దాసప్ప గడిరాయికి ఆనుకుని చతికిలబడ్డాడు.

"నేనేప్పా. తొమ్మిదీ నేనే తవ్వినా. చుక్కపొద్దున నీ కావడితోనే రెండు తూర్లు మోసినా, భుజం ఇంగా కాల్తాండాది. లెక్క తగ్గితే ఇంగ రెండేండ్లు కావలి ఉండల్లంటారు, నువ్వు యాడికీ పోవనుకొంటి. నువ్వు లెక్కపెట్టవు, నీకు తెలీదులే అనుకొంటి. నువ్వేమో ముఖాలు జూసి పట్టిస్తివి, పట్టించి పేరు తెచ్చుకొంటివి, పేరొచ్చి కొలువు పోగొట్టుకొంటివి. నాకేమో ముడి ఊడకూడదని ఉరుముకేసినట్ల ఏసేది తప్ప రాదు. తవ్వినాక పారేసేకి మనసొప్పలేదన్నా. నా యోచన చెడితే చెడనీ, నీ బాటలో నీడన్నా ఉండనీ అని ఈడ నాటినా. సుంకులమ్మకు మాత్రం చెప్పొద్దు, గుంతలో నాటుతాది నన్ను. ఇంగ ఈటికి నీళ్ళు పోసేది నా వల్ల కాదు, సోమారం సోమారం నువ్వే ఆ పక్కనుంచి రావల్ల, నేను ఈ పక్కనుంచి వస్తా. అందరూ తింటావుంటే ఈటికి నీళ్ళు మోసేకే పోయినా. ఈ రాయెనకాల జూడు, నీ కావడి ఆడుండాది, రెండు కడవలూ నిండుగా ఉండాయి."