లెక్కకు రాని మేడ

సముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఆమెను అందరూ సలహాల మేడం అనేవారు. పురపాలక కార్యాలయంలో మూడో నంబర్ కౌంటర్ ఆమెది. సముద్రం ఏటేటా ఇసుకను కోసుకుంటూ మొదటి వరుస ఇళ్ళ ప్రహరీల దాకా వచ్చేసింది. ఆ వరుసలోనూ దాని వెనక వరుసలోనూ ఇళ్ళున్నవాళ్ళు ఏం చేయాలో చెప్పడానికి ఆ కౌంటర్ తెరిచారు. ఇల్లు కార్యాలయానికి అప్పగించి డబ్బు తీసుకుని సముద్రానికి దూరంగా లోపలి పేటలకు వెళ్ళిపోవచ్చు. లేదా సొంత ఖర్చుతో గోడలు గట్టి చేసుకుని ఉన్నచోటే ఉండవచ్చు. చెప్పాల్సింది మహా అయితే పదిహేను వాక్యాలు. ఆ పదిహేనూ ఆమె రోజుకు అరవై, డెబ్భైసార్లు చెప్పేది.

“ఈ మూడు నెలల్లో సంతకం పెడితే మొత్తం ఇస్తారండీ. తర్వాత ప్రతి మూడు నెలలకీ పదో వంతు తగ్గిపోతుంది. వచ్చిన డబ్బుతో వెంటనే ఇల్లు కొనెయ్యకండి. అందరూ ఒకేసారి లోపలికెళ్తున్నారు కాబట్టి అక్కడ రేట్లు మండిపోతున్నాయి. ఏడాది అద్దెకుండండి. బస్సు ఎన్నింటికొస్తుందో, నీళ్ళు ఎన్ని గంటలొస్తాయో చూసుకుని అప్పుడు కొనండి. లారీ మాట్లాడుకునే ముందు సామాను ఏరుకోండి. ఉప్పుగాలికి తుప్పు పట్టిన మంచాలు మోసుకెళ్తే ఆ మోత కూలికే కొత్తవొస్తాయి.”

వినేవాళ్ళలో కొందరు ఏడ్చేవారు. కొందరు సముద్రాన్ని ఆమే పిలుచుకొచ్చినట్టు గొంతు చించుకునేవారు. పదవీ విరమణ చేసిన ఒక లెక్కల మాస్టారు వరుసగా మూడు రోజులు వచ్చి, అవే ప్రశ్నలు అదే వరుసలో అడిగి, అవే జవాబులు రాసుకుని వెళ్ళాడు. నాలుగో రోజు రాకపోతే ఆయనకేమయిందోనని ఆమెకు దిగులు వేసింది. సాయంత్రానికి నోరు పిడచకట్టుకుపోయేది. ఇంటికెళ్ళాక భర్త “టీ పెట్టనా?” అని అడిగితే తల ఊపేదే తప్ప నోరు తెరిచేది కాదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం అరవై ఒకటో టోకెన్ పిలిచింది. తల ఎత్తకుండానే, “కూర్చోండి. ఇంటి నంబరు చెప్పండి” అంది.

ఎదుటి మనిషి నంబరు చెప్పాడు. సగం రాశాక ఆమె కలం ఆగిపోయింది. అది తమ ఇంటి నంబరే. తలెత్తి చూస్తే ఎదురుగా బావగారు, ఆమె భర్తకు అన్నగారు.

ఆయన దర్జీ. ఇంటి ముందు గదే ఆయన కొట్టు. తొందరలో వచ్చినట్టున్నాడు, కొలత టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. పగటిపూట ఆయన కొట్టు మూయడం ఆమె ఈ పదకొండేళ్ళలో చూడలేదు.

“మీరేంటి బావగారూ ఇక్కడ? ఇంట్లో అడిగితే చెప్పేదాన్ని కదా!”

“ఇంట్లో ఎక్కడ కుదురుతుందమ్మాయ్? ఆ మాటెత్తితే చాలు, మీ అక్క పొయ్యి ఆపేసి గదిలోకెళ్ళి తలుపేసుకుంటుంది. తమ్ముడేమో చూద్దాంలే అన్నయ్యా అంటాడు. ఏడాదిపైన చూస్తూనే ఉన్నాడు వాడు.” ఆయన టోకెన్ కాగితాన్ని బల్లమీద పెట్టి వేలితో చదును చేశాడు. “రెండు గంటలు కూర్చున్నాను. అందరికీ చెప్పినట్టే చెప్పు. మొహమాటాలేం వద్దు.”

ఆమె చెప్పింది. పదిహేను వాక్యాలూ చెప్పింది. కొలతలు రాసుకునే పుస్తకంలో, ఎవరివో నడుము కొలతల కింద, ఆయన ఒక్కొక్కటీ రాసుకున్నాడు. “ఏడాది అద్దె” అన్నచోట రెండు గీతలు గీసుకున్నాడు. “అక్కడ నా దగ్గరికి కుట్టించుకోడానికి ఎవరొస్తారు?” అని అడిగాడు.

“మొదట్లో ఎవరూ రారు బావగారూ. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి. ఏదైనా బడి దగ్గర కొట్టు చూసుకోండి. జిప్పులు వేయడం, ప్యాంట్లు పొట్టి చేయడం, అలాంటి చిన్న పనులతో మొదలవుతుంది.”

ఆయన అదీ రాసుకున్నాడు. తర్వాత కలం మూత పెట్టి గొంతు సవరించుకున్నాడు.

“ఇంకొక్కటి. ఇల్లు నా పేరున ఉంది. మేడ మీరు కట్టుకున్నారు. డబ్బొచ్చేదేమో నా పేరున. అందులో మేడకి ఎంతిస్తారో ఆ అంకె చెప్పు. అది తమ్ముడి చేతిలో పెట్టేస్తాను. నాకు బరువు దిగిపోతుంది.”

ఈ ప్రశ్న ఏనాడో ఒకనాడు వస్తుందని ఆమెకు తెలుసు. ఇలా, టోకెన్ తీసుకుని వస్తుందని అనుకోలేదు.

మేడకు వాళ్ళకు అయింది తొమ్మిది లక్షలు. తొమ్మిదేళ్ళు కిస్తీలు కట్టారు. అప్పట్లో ఆ వీధిలో మేడ కట్టడానికి అనుమతి తీసుకున్నవాళ్ళు లేరు. అనుమతి లేని అంతస్తుకు కార్యాలయం పైసా ఇవ్వదు. కాకపోతే అప్పగింతలు మొదలవకముందే, జరిమానా కట్టి సరిచేసుకోవడానికి ఆరు నెలల గడువిచ్చింది. ఆ దరఖాస్తులు ఆమే ఎందరికో పూర్తి చేసి ఇచ్చింది. తమది కూడా మొదటి వారంలోనే నింపి సొరుగులో పెట్టుకుంది. ఇంటి యజమాని సంతకం ఒక్కటే తక్కువ. బావగారిని అడగాలి. ఇన్నేళ్ళుగా పైసా అడగకుండా తన నేల మీద ఉండనిచ్చిన మనిషి ముందు ఆ కాగితం పెడితే, మా వాటా తేల్చండి అన్నట్టే ఉంటుందనిపించింది. రోజూ మెట్లెక్కుతూ రేపు అడుగుదాం అనుకునేది. కాళ్ళు పీకుతుండేవి. రేపు కాస్తా ఎల్లుండి అయ్యేది. పోయిన నెలాఖరుతో గడువు అయిపోయింది.

“సున్నా బావగారూ” అంది.

“సున్నా ఏంటి?”

“మేడకి. లెక్కలోకి రాదు.” ఆమె సొరుగు లాగి ఆ దరఖాస్తు తీసి ఆయన ముందు పెట్టింది. జరిగింది చెప్పింది. “మిమ్మల్ని సంతకం అడగడానికి మొహం చెల్లలేదు.”

ఆయన ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. ఖాళీగా ఉన్న చోటు చూశాడు.

“సంతకమేగా అమ్మాయ్” అన్నాడు నెమ్మదిగా. “రోజుకి పది రసీదుల మీద పెడతాను.”

వెనక బెంచీ మీద ఎవరో దగ్గారు. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే తెలిసిపోతుందని. కంప్యూటర్ వైపు తిరిగి మాట్లాడింది.

“బయటివాళ్ళకి ఏం చెబుతానో అదే చెబుతాను. బయటి నుంచి ఒక ఇంజనీరుని పిలిపించి మేడకి విడిగా ధర కట్టించండి. ఇక్కడ సంతకం పెట్టకముందే ఎవరికెంతో రాసుకోండి. ఇద్దరూ సంతకాలు చేయండి.”

“అన్నదమ్ముల మధ్య కాగితాలా?”

“అన్నదమ్ముల మధ్యే బావగారూ. బయటివాళ్ళయితే ఎలాగూ రాసుకుంటారు.” తర్వాత అంది, “మీ ఫైలు మాత్రం రెండో కౌంటర్‌లో ఇవ్వండి. ఆ ఇంట్లో నేనూ ఉంటున్నాను, నేను ముట్టుకోకూడదు.”

ఆయన లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, టోకెన్ కాగితం తీసుకుని చెత్తబుట్టలో వేసి వెళ్ళాడు. ఆమె అరవై రెండో నంబరు పిలిచింది.

ఆ సాయంత్రం నలుగురూ కొట్లో, బట్టలు కత్తిరించే బల్ల దగ్గర చేరారు. బావగారు తన పుస్తకం తెరిచి రాసుకున్నదంతా చదివాడు. సున్నా దగ్గరికి వచ్చేసరికి ఆమె భర్త తల తిప్పి భార్య వైపు చూశాడు. అతను ఒడ్డునున్న హోటళ్ళలో ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. కోపం వస్తే అరిచే మనిషి కాదు. గొంతు ఇంకా తగ్గిపోతుంది.

“ఊరందరికీ చెప్పావు. నాకు చెప్పడానికి నోరు రాలేదా?”

“రాలేదు” అందామె. “రోజంతా అదే మాట చెప్పి, మళ్ళీ ఇంటికొచ్చి అదే మాట చెప్పే ఓపిక లేకపోయింది. రేపు చెబుదాం అనుకున్నాను. నిజంగానే రోజూ అనుకున్నాను.”

అతను బల్లమీది సుద్దముక్క తీసుకుని అటూ ఇటూ దొర్లించాడు.

తోడికోడలు అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని వింటోంది. “ఆఫీసే సున్నా అంటుంటే మధ్యలో మనమెందుకివ్వాలి?” అంది. తమ్ముడు సుద్దముక్క కింద పెట్టి, లేచి మేడ మీదికి వెళ్ళిపోయాడు. అతని వెనకే భార్య కూడా వెళ్ళింది. పదహారు మెట్లు. ఎనిమిదో మెట్టు దగ్గర ఆగి గోడకు చెయ్యి ఆనించింది. పెచ్చు ఊడి చేతికి వచ్చింది.

రెండు రోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాట లేదు. మూడో రోజు పొద్దున ఆమె ఆఫీసుకు బయల్దేరుతుంటే తోడికోడలు మెట్ల కింద నిలబడి ఉంది, చేతిలో చీపురుతో.

“ఇదిగో, అడుగుతాను చెప్పు. ఆ స్లాబు వేసినప్పుడు పద్నాలుగు రోజులు దానికి నీళ్ళు పోసిందెవరు?”

“నువ్వే అక్కా.”

“బిందె చంకనెత్తుకుని, ఎండలో, రోజుకి మూడుసార్లు. మీరిద్దరూ పనులకి పోయేవాళ్ళు. నడుం పడిపోయింది నాకు. అలాంటిది అది సున్నా ఎలా అవుతుంది? ఎవడా లెక్క కట్టింది?” ఆమె చీపురుతో రెండు మెట్లు గట్టిగా ఊడ్చింది. “ఆ ఇంజనీరుని రమ్మను. నా నడుం కూడా లెక్కేయమను.”

అంతటితో ఆ రాజీ అయిపోయింది. క్షమించమనడం, ఫరవాలేదనడం ఆ తోడికోడళ్ళ మధ్య ఎప్పుడూ లేవు.

ఇంజనీరు ఆదివారం వచ్చాడు. చిన్న సుత్తితో స్తంభాలు కొట్టి విన్నాడు. వంటగది పైకప్పులో పెచ్చు తీసి ఉబ్బిన ఇనుప చువ్వ చూపించాడు. “ఏడున్నర లక్షలు చేస్తుంది. నిజం చెప్పాలంటే ఇంకో ఆరేళ్ళకి అంత కూడా ఉండదు” అన్నాడు. మేడను వదిలేసి ఇంటికీ స్థలానికీ కార్యాలయం ఇస్తానన్నది నలభై రెండు లక్షలు. బావగారు అందులో పది తమ్ముడికి రాస్తానన్నాడు. తమ్ముడు ఏడున్నరకు మించి ముట్టనన్నాడు. ఎక్కువిస్తానని ఒకరు, వద్దని ఒకరు, మూడు రోజులు తగవు. చివరికి ఆమె విసిగిపోయి, “తొమ్మిది పెట్టింది, తొమ్మిదే తీసుకుంటాం. ఇద్దరూ నోరు మూసుకుని సంతకాలు పెట్టండి” అంది. బావగారి ఎదుట ఆమె గొంతు పెంచడం అదే మొదటిసారి. ఇద్దరూ పెట్టేశారు.

బావగారు ఫైలు రెండో కౌంటర్‌లో ఇచ్చేశాడు. మొత్తం డబ్బిచ్చే మూడు నెలల గడువు ముగియడానికి పదకొండు రోజుల ముందు లారీ వచ్చింది. సామాను ఏరుకోమని ఊరంతటికీ చెప్పిన ఆమెకు సొంత ఇంట్లో సాగలేదు. తుప్పు పట్టిన కుట్టు మిషను కాళ్ళు రెండు జతలు బావగారు వదలనన్నాడు. తోడికోడలు తన పెళ్ళినాటి చెక్క బీరువా రావాల్సిందేనంది. నలుగురు లారీ కూలీలు హుషారుగా ఒక్క ఊపుతో పైకి లేపారు. బీరువా లేచింది. దాని అడుగు చెక్క మాత్రం, మీదున్న బట్టల మూటలతో సహా, నేల మీదే ఉండిపోయింది. తోడికోడలు కాసేపు దానికేసి చూసి, “సరే, బట్టలైనా ఎక్కించండి” అని పక్కకు తప్పుకుంది. నవ్వొచ్చింది అందరికీ. ఎవరికీ నవ్వే ఓపిక లేదు.

రెండు కుటుంబాలూ లోపలి పేటలో వేరు వేరుగా అద్దెకు దిగాయి. మధ్యలో నాలుగు వీధులు. బావగారికి బడి దగ్గర కొట్టు దొరికింది కానీ, మొదటి నెలలో వచ్చినవి ఆరు జిప్పులు, ఒక సంచీ. ఆమె బస్సు ప్రయాణం యాభై నిమిషాలయింది. కౌంటర్ దగ్గర అరవై, డెబ్భై టోకెన్లు మామూలే. కొత్త ఇల్లు ఎలా ఉందని వచ్చినవాళ్ళు అడిగితే, గోడలు పొడిగా ఉన్నాయి, నీళ్ళు పొద్దున గంటే వస్తాయి అని ఉన్నదున్నట్టు చెప్పేది. భర్త టీ పెడుతున్నాడు, మాట్లాడుతున్నాడు. కానీ ఆఫీసు కాగితం ఏది ఇంటికి తెచ్చినా, పూర్తిగా చదివి గాని పక్కన పెట్టడం లేదు. అతన్ని తప్పుపట్టలేకపోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఓరగా తెరిచి ఉన్న తలుపు కొట్టిన చప్పుడైంది. బావగారు. భర్త ఏదో హోటల్ ఫ్రిజ్ పని మీద వెళ్ళాడు. ఆమె ఇంకా విప్పని మూటకు ఆనుకుని కూర్చుని ఉంది. లేవబోతే ఆయన వద్దని చెయ్యి ఊపాడు.

“కూర్చో అమ్మాయ్. పని లేక చేతులు దురద పెడుతున్నాయి. మీ కిటికీలకి తెరల్లేవని మీ అక్క పోరు పెడుతోంది.”

ఆయన కుర్చీ ఎక్కి టేపు విప్పి కిటికీ కొలవడం మొదలుపెట్టాడు. పైనుంచి కిందికి, మళ్ళీ అడ్డంగా. అంకెలు తనలో తాను అనుకుంటూ రాసుకున్నాడు.

“ఇక్కడ ఎన్నాళ్ళుంటారు?”

“ఏడాది అనుకున్నాం. తర్వాత ఎక్కడో తెలీదు బావగారూ.”

“అయితే కింద మడతలో జానెడు గుడ్డ ఎక్కువ వదులుతాను. తర్వాతి ఇంటి కిటికీ పొడుగైతే విప్పుకోవచ్చు.”

ఆమె సరేనంది. ఆయన రెండో కిటికీ దగ్గరికి కుర్చీ జరిపేసరికి, మూటకు తల ఆనించి నిద్రపోయి ఉంది. ఆయన అంకెలు పైకి అనడం మానేసి, మిగతా కొలతలు తీసుకున్నాడు.