చుక్కకు అడ్డం పడిన సాలెదారం

నేను ఒక సాలెదారాన్ని. మా తల్లి నన్ను ఈగల కోసం తీసింది. మనుషులు నక్షత్రాల కోసం వాడుకున్నారు. ఇళ్ళలో కనబడితే చీపురందుకునే ఈ జాతి, కొండమీది వేధశాలలో మాత్రం ఊపిరి బిగబట్టి నన్ను దూరదర్శినిలో అతికించింది. నా పక్కన మర తిప్పితే జరిగే ఇంకో దారం ఉండేది. ఒక చుక్క నామీద, ఇంకోటి దానిమీద పడేలా మర తిప్పి, వాటి మధ్య ఎడం కొలిచేవారు.

నన్ను అతికించిన హైమవతి పరిశోధనకు కొత్త. ఒక్క చుక్క దూరమైనా తానే కనిపెట్టాలని ఆశ. ముఖం ముందు వేలు పెట్టుకుని కళ్ళు మార్చి మార్చి మూస్తే వేలు జరిగినట్టుంటుంది. దగ్గరుంటే ఎక్కువ, దూరముంటే తక్కువ. ఆమె లెక్కా అంతే. భూమి సూర్యుడికి ఇటున్నప్పుడు ఒక కన్ను, ఆరు నెలలకు అటు చేరాక రెండో కన్ను. మాఘమాసపు తెల్లవారుజామున ఒకసారి, శ్రావణంలో పొద్దుగూకాక ఇంకోసారి కొలిచింది. ఎంతో దూరాన ఉండి జరగని మసక చుక్క పక్కనుంచి తన చుక్క ఎంత జరిగిందని! పక్కింట్లో ఉన్నట్టే. హైమవతి గంతేసింది.

వానాకాలపు తేమకు నేను వదులై కాస్త పక్కకు వంగానని నాకు తెలుసు. చెప్పడానికి నోరేదీ?

వేధశాల పెద్దాయన భుజంగరావుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగారు: "ఎదురుకొండ మీది నీళ్ళ ట్యాంకును కొలిచావా అమ్మా?"

ట్యాంకు మీది రెండు ఇనుపకమ్మీల ఎడం కొలిచి, ఆ తరవాతే చుక్క జోలికి పోవడం అక్కడి ఆనవాయితీ. మాఘంలో కొలిచింది. ఈసారి తొందరలో వదిలేసింది.

"ట్యాంకెక్కడికి పోతుంది సార్?"

"అందుకే కొలవమంటున్నాను."

ఆమె వెంటనే కొలవలేదు. తుడిచిన దూరదర్శిని అద్దాలే మళ్ళీ తుడిచింది. మనసుకు తెలిసిపోయినదాన్ని కంటికి చూపించకుండా దాచుకోవడంలో మనుషులు భలే నేర్పరులు. చివరికి జల్లు వెలిసిన ఒక సాయంత్రం దూరదర్శిని అటు తిప్పింది.

"సార్, ట్యాంకు లావెక్కింది!"

"వానకు ఉబ్బిందేమోనమ్మా."

నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది. "మరి నా చుక్క?"

"చీకటి పడ్డాక దాన్నీ కొలువు. ట్యాంకు ఎంత ఒళ్ళు చేసిందో అంతా నీ చుక్క జరిగినదాంట్లోంచి తీసెయ్. మిగిలింది నీది."

తీసేసింది. రవ్వంత మిగిలింది. ఇంకో సాయంత్రం కొలిచినా ఆ రవ్వంతే. చుక్క ఆమె ఆశకన్నా ఎన్నో రెట్లు దూరం పోయింది. కానీ అక్కడ కదలకుండా నిలబడింది. హైమవతి ఆ దూరమే రాసుకుంది.

తరవాత నా బదులు సన్నని లోహపు తీగలొచ్చాయి, కెమెరాలొచ్చాయి. నేనిప్పుడు వేధశాల ప్రదర్శనశాలలో, అద్దాలపెట్టెలో ఉన్నాను. జనం వంగి చూసి, "ఖాళీ పెట్టెకు తాళమెందుకో!" అని పోతుంటారు. మొన్న పెట్టె పైన ఒక సాలీడు గూడు కట్టింది. ఊడ్చే ఎల్లమ్మ చీపురెత్తేసరికి, జుట్టు నెరిసిన హైమవతి అడ్డుపడింది.

"ఆ మూల వదిలెయ్, ఎల్లమ్మా."

"బూజు కదమ్మా!"

"బూజే. నా మొదటి చుక్కను చూసింది దాన్ని అడ్డం పెట్టుకునే."

ఎల్లమ్మ ఆమెను ఎగాదిగా చూసి చీపురు దించింది. గూట్లోని సాలీడు మాత్రం ఈగ కోసమే చూస్తోంది.