సున్నా ఆదివారాలు

మధ్యాహ్నం పన్నెండున్నరకి స్కూళ్ళ డైరెక్టరమ్మ తన ఆఫీసులోకి తనే దొంగలా వెనక తలుపు నుంచి రావాల్సి వచ్చింది. ముందు వరండా నిండా తల్లిదండ్రులు. బెంచీలు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు, కొందరు గోడకి ఆనుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. సాయంత్రం ఐదింటికి బిషప్‌గారి డయోసిస్ కింద ఉన్న పదకొండు హైస్కూళ్ళలోనూ ఆరో తరగతి ప్రవేశాల జాబితా గేటు దగ్గర బోర్డుకి ఎక్కాలి. దాని కింద ఆమె సంతకం ఉండాలి. ఆ సంతకం ఇంకా పడలేదన్న సంగతి ఇంతమందికి ఎలా పొక్కిందో దేవుడికి తెలియాలి. పెద్ద గుమాస్తాకి కూడా కొంత తెలిసే ఉంటుంది.

"ఎందుకాగిందని ఒకటే గోల మేడమ్. ప్రింటర్ పాడైందని చెప్పా," అన్నాడు పెద్ద గుమాస్తా తలుపు సందులోంచి.

"ప్రింటర్ బాగానే ఉందిగా."

"అది వాళ్ళకి తెలీదుగా."

ప్రింటర్ పొద్దున్నే పని కానిచ్చేసింది. పదకొండు జాబితాలూ బల్ల మీద వేడివేడిగా ఉన్నప్పుడే ఆమె పదింటిమీద సంతకం పెట్టేసింది. పదకొండోది ఇదే ఆవరణలో పెద్ద చర్చి పక్కనున్న పెద్ద స్కూలుది, దాని దగ్గర చెయ్యి ఆగింది. అరవై పేర్లు. పేర్లు చూస్తే ఏమీ అనిపించలేదు. పక్క వరసలో చిరునామాలు చూస్తేనే ఏదో తేడా తోచింది. స్కూలు వెనక గోడని ఆనుకునే ఒక సందు ఉంది. ఆసుపత్రి లాండ్రీలో, బస్సు డిపోలో, చేపల గోదాములో పనిచేసేవాళ్ళ ఇళ్ళన్నీ అందులోనే. ఆ సందు నుంచి ఒక్క పేరూ లేదు. కిందటేడు ఎనిమిది మంది ఉన్నారు. అదీ లంచాల కాలంలో.

లంచాల కాలం అని పేరు పెట్టింది ఆమే. అంతకుముందు ఈ స్కూళ్ళలో సీటు కావాలంటే పాస్టరు దగ్గర ఉత్తరం తేవాలి. 'వీరిది భక్తిగల కుటుంబం' అని ఒక్క వాక్యం. ఆ వాక్యానికి ఒక్కో చర్చిలో ఒక్కో ధర నడిచేది. ఒకచోట గోడలకి సున్నాలు వేయించాలి, ఒకచోట పాస్టరుగారి అల్లుడికి ఉద్యోగం చూపించాలి. ఆమె ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. మూడేళ్ళ కిందట ఈ కుర్చీలోకి రాగానే ఉత్తరాల సంగతి తేల్చాలనుకుంది. తేల్చేసరికి రెండేళ్ళు పట్టింది, కొత్త పద్ధతిలో సీట్లివ్వడం ఈ ఏడే మొదలు. ప్రతి కుటుంబానికీ ఒక కార్డు, ప్రతి చర్చి గుమ్మం దగ్గరా ఒక చిన్న మిషను. ఆదివారం వచ్చి కార్డు గీస్తే కుయ్‌మంటుంది. ఏడాదిలో నలభై కుయ్యిలు వస్తే పూర్తి మార్కులు. "యంత్రానికి బంధువులుండరు," అని సమావేశంలో ఆమె అంటే అందరూ చప్పట్లు కొట్టారు. కమిటీలో బంధువులు బాగా ఎక్కువున్నవాళ్ళు ఇంకాస్త గట్టిగా కొట్టారు.

అప్పటికీ ఒకటీ అరా ఫిర్యాదులు చెవిన పడ్డాయి. ఒక కాంట్రాక్టరుగారి డ్రైవరు ఆదివారం ఐదు కార్డులు తెచ్చి, వరసగా గీసి, కారులోకెళ్ళి పాటలు వింటాడట. చిన్న లోపమేలే, మెల్లిగా సరిచేద్దాం అనుకుంది.

వెనక తలుపు మళ్ళీ కిర్రుమంది. ఆ తలుపు సంగతి తెలిసిన మనిషి ఈ ఆవరణలో ఇంకొకరే ఉన్నారు. పెద్ద చర్చినీ, పెద్ద స్కూలునీ తుడిచే ఆమె. పిల్లలు ఆమెని బకెట్టక్క అంటారు. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉండి ఉంటుంది. ఇవాళ చేతిలో బకెట్టు లేదు, నాలుగు మడతల చీటీ ఉంది.

"సున్నా వచ్చింది మేడమ్ నాకు."

డైరెక్టరమ్మ చీటీ విప్పింది. యాభై రెండు ఆదివారాలు, హాజరు సున్నా. "రాలేదా మరి?"

"వచ్చాను."

"కార్డు గీయలేదా?"

"గీశాను. తీసుకోదది. తొమ్మిదిన్నరకి గానీ నిద్ర లేవదు. నేను ఐదింటికొస్తా. నేల కడిగి, బెంచీలు తుడిచి, పాటల పుస్తకాలు సర్ది, ఆ మిషను దుమ్ము దులిపి, స్విచ్చేసి వెళ్తా. ఏడింటికి ఆసుపత్రి లాండ్రీలో ఉండాలి నేను."

"మిషను స్విచ్చేసేది నువ్వా?"

"ఇంకెవరేస్తారు? ఆ ప్లగ్గు బల్ల కింద ఉంటుంది. పాస్టరుగారు వంగలేరు."

మిషను కార్డు తీసుకునే వేళ డైరెక్టరమ్మకి గుర్తొచ్చింది. తొమ్మిదిన్నర నుంచి పదింబావు దాకా. ఆ రెండు అంకెలూ ఆమే చెప్పింది. మిషన్లు అమర్చినతను 'టైము ఎంత పెట్టమంటారు మేడమ్' అని ఫోనులో అడిగితే, ఇంకో మీటింగులోకి నడుస్తూ చెప్పిన అంకెలవి.

"ఆదివారం ఆసుపత్రిలో సెలవు అడగలేకపోయావా?"

"అడిగాను. ఒక ఆదివారం రాకపోతే రెండు రోజుల జీతం కోస్తామన్నారు. మూడు ఆదివారాలైతే ఇంకొకామెని పెట్టుకుంటామన్నారు. వాళ్ళూ ఏం చేస్తారు, జనాలకి జబ్బులు ఆదివారం సెలవు తీసుకోవుగా." ఆమె చీటీని మళ్ళీ అవే మడతల్లో మడిచింది. "మా పిల్ల ఐదో తరగతిలో ఫస్టొచ్చింది మేడమ్. టీచరు ఈ స్కూల్లోనే వెయ్యమంది. వేరేచోట ఫీజు నా మూడు నెలల జీతం."

"ఇక్కడే ఉండు. పెద్దాయనతో మాట్లాడి వస్తాను."

బిషప్‌గారి గదిలో ఫైళ్ళు, మందుల డబ్బా, చక్కెర లేని టీ. మంచి మనిషి. ఎవరు ఏం చెప్పినా చివరిదాకా వింటాడు. తర్వాత ఏమీ చేయకపోయినా, విన్నాడుగా అనిపించి జనం తృప్తిగా వెళ్ళిపోతారు. డైరెక్టరమ్మ చెప్పిందంతా అలాగే విన్నాడు.

"నియమం నువ్వు రాసిందే కదమ్మా."

"నేను రాసిందే తప్పండీ. ఆదివారం సెలవున్న వాళ్ళకి మార్కులేశాను. భక్తికి వేశాననుకున్నాను."

"బాగా చెప్పావు. వచ్చే ఏడాదికి మార్చుకుందాం." టీ కప్పు పక్కకి జరిపాడు. "ఈ ఏడాదికి ఆ తల్లి బాధ తీర్చెయ్. నా కోటాలో రెండు సీట్లు మిగిలున్నాయి, ఒకటి ఆ పిల్లకివ్వు. జాబితా మాత్రం ఆపకు. ఊరంతా గేటు దగ్గరుంది."

ఆమెకి కావలసిన మాట అదే. తిరిగొస్తుంటే కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. ఒక సంతకం పెట్టి, ఒక మంచి పని చేసి, ఐదింటికల్లా ఇంటికెళ్ళి తలనొప్పి మాత్ర వేసుకోవచ్చు.

బకెట్టక్క వెనక మెట్ల మీద కూర్చుని ఉంది.

"నీ పిల్లకి సీటు వచ్చింది."

ఆమె లేచి నిలబడింది. మొహం విచ్చుకోబోయి ఆగింది. "ఎందులో?"

"బిషప్‌గారి కోటాలో."

"కృపా సీటా?"

అందరూ అనే మాట అదే. ఆ సీట్ల పిల్లలకి సేవా గంట అని ఒకటుంటుంది. బడి వదిలాక గంటసేపు ఉండి గదులు ఊడ్చి వెళ్ళాలి. ఎప్పుడో ఏ దొరల కాలంలోనో పెట్టింది, ఎవరూ తీయలేదు. పోయిన ఏడు డయోసిస్ పుస్తకం అట్ట మీద ఆ పిల్లల ఫొటోనే వేశారు. కింద 'సేవాభావం' అని రాసి ఉంటుంది. ఫొటో ఎంచింది డైరెక్టరమ్మే. వెలుతురు బాగా పడిందని.

"ఇప్పుడు తొమ్మిది మందున్నారు మేడమ్ ఆ పిల్లలు," అంది బకెట్టక్క. "నాలుగు కాగానే మిగతావాళ్ళు బంతాటకి పోతారు. వీళ్ళు నా దగ్గరికొస్తారు. చీపుళ్ళు పంచేది నేనే. మూల వదిలేస్తే అరవాల్సిందీ నేనే, లేకపోతే నన్నరుస్తారు. ఇప్పుడు నా పిల్లకి నా చేత్తోనే చీపురివ్వాలన్నమాట."

"సేవా గంట నేను తీసేయిస్తాను."

"ఎప్పుడు?"

"కమిటీ కూర్చోవాలి."

"కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది?"

"రెండు నెలలకి," అని డైరెక్టరమ్మ నీళ్ళు నమిలింది. కిందటి రెండుసార్లూ కోరం లేక లేచిపోయారని చెప్పలేదు.

"వద్దు మేడమ్." ఇంకో కప్పు టీ పోయమంటారా అంటే వద్దన్నంత మామూలుగా అంది. "ఇంట్లో మనిషి లేనప్పుడు పిల్లని నాతోపాటు చర్చికి తెచ్చుకుంటా. బెంచీ మీద కూర్చుని చదువుకోమంటాను. ఒక్కసారి నీళ్ళ చెంబందుకోబోతే చెయ్యి మీద కొట్టాను కూడా. అట్లాంటిది బడికి పంపి నేర్పించనా?"

"మరి సీటు వదిలేసుకుని ఏం చేస్తావు? ఒక్క గంట కోసం పిల్ల భవిష్యత్తు పాడు చేస్తావా?" విసురుగానే వచ్చింది మాట. కాసేపటి కిందటి తేలికదనాన్ని ఎవరో లాక్కున్నట్టుంది ఆమెకి.

బకెట్టక్క ఆమెవైపు సూటిగా చూసింది. "రూలు మీరు రాశారు. పాడు చేసేది నేనా?"

డైరెక్టరమ్మ తలుపు తోసుకుని లోపలికి నడిచింది, బకెట్టక్క బల్ల దాకా వెంటే వచ్చింది.

"నాకు దయ చూపించొద్దు మేడమ్. నేనొచ్చిన ఆదివారాలు నాకు రాయండి చాలు. రెండు వారాలు జ్వరమొచ్చి రాలేదు. అవి తీసేసుకోండి." చీటీ బల్ల మీద పెట్టి, స్కూలు వైపు నడిచింది. రెండు కావస్తోంది, పని మొదలుపెట్టాలి.

డైరెక్టరమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. తలుచుకుంటే అర నిమిషం పని. అన్నిటినీ మార్చగల పాస్‌వర్డ్ ఆమె దగ్గరుంది. కార్డు నంబరు కొట్టింది. సున్నా తీసేసి యాభై వేసింది. చూడటానికి ఎంత నిజంగా ఉందో. అబద్ధం కూడా కాదు. ఇలాగే కదా ఉత్తరాలు రాసిన పాస్టర్లు కూడా ఒక్కోసారి జాలిపడి రాసుంటారు అనుకుంది. కిందటేడు సందులోంచి వచ్చిన ఎనిమిది మందీ ఆ జాలి మీదే వచ్చుంటారు.

సందు పేరు కొట్టి వెతికింది. ముప్పై నాలుగు దరఖాస్తులు. నర్సు, మూడు ఆదివారాలు. బస్సు డ్రైవరు, ఏడు. గోదాములో ఐసు పగలగొట్టే అతను, సున్నా. ఇంకో సున్నా. పదకొండు. మళ్ళీ సున్నా. ఆమె ఒక్కొక్కటే కిందికి జరుపుతూ పోయింది. వీళ్ళలో ఎవరెవరు ఎన్నింటికి ఏ పనికి వెళ్తారో రాసుకోవడానికి ఆమె కట్టించిన సాఫ్ట్‌వేర్లో గడే లేదు. బకెట్టక్క వెనక తలుపు తెలిసిన మనిషి కాబట్టి లోపలికి రాగలిగింది. మిగతావాళ్ళకి ఆ తలుపు తెలియదు.

యాభై తీసేసి, మళ్ళీ సున్నా వేసింది.

నాలుగున్నరకి బిషప్‌గారి ఫోను. "సంతకం అయిందామ్మా?"

"లేదండీ."

"ఎప్పుడవుతుంది?"

"ఈ జాబితా మీద అవదండీ. పెట్టిన పదింటినీ కూడా ఆపించాను. అన్నిచోట్లా ఇదే మిషను."

ఆయన ఎప్పటిలాగే చివరిదాకా విన్నాడు. "నీ పదవి నెలాఖరుకి పొడిగింపుకొస్తుంది. బెదిరించడం లేదు, గుర్తు చేస్తున్నాను."

"గుర్తుందండీ."

"ఇంకొకరి చేత పెట్టించుకోవలసి వస్తుంది."

"డైరెక్టరే పెట్టాలని నియమముంది కదండీ. మార్చాలంటే కమిటీ కూర్చోవాలి."

ఫోను పెట్టేసింది. వెటకారం తనకి ఎప్పుడు పని చేస్తుందో, ఎప్పుడు ఉద్యోగం మీదికి తెస్తుందో ఆమెకి ఎన్నడూ తెలియదు. తెల్లకాగితం తీసి చేత్తో రాసింది. 'హాజరు లెక్కించడంలో నా వల్ల తప్పు జరిగింది. ప్రవేశాల జాబితా నిలిపివేశాను.' కింద సంతకం. పెద్ద గుమాస్తా దాన్ని చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"ప్రింటర్ మీదికే తోసేస్తే పోయేది మేడమ్," అన్నాడు.

గేటు దగ్గర బోర్డు మీద ఒకటే కాగితం కనిపించేసరికి జనం ముందు తోసుకున్నారు, తర్వాత వెనక్కి జరిగారు. కాంట్రాక్టరుగారు ఆమె ముందుకొచ్చారు. "మావాడికి నలభై ఎనిమిది ఆదివారాలున్నాయమ్మా. మాదేం తప్పు?"

"మీ డ్రైవరుకున్నాయి సార్. ఆయనకి పిల్లలుంటే సీటు చూద్దాం."

ఎవరో నవ్వారు. ఎవరో తిట్టారు. ఒకామె ఏడుపు గొంతుతో, మేం మాత్రం నిజంగానే వచ్చాం కదా, నలభై నాలుగు వారాలు, వానలో కూడా, అంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు.

బకెట్టక్క తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, బోర్డు మీది కాగితాన్ని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది.

"ఇందులో మా పిల్లకి సీటున్నట్టా, లేనట్టా?"

"తెలీదు."

"మధ్యాహ్నం ఒకటుండె. ఇప్పుడు అదీ లేదన్నమాట."

"లేదు."

ఆమె కోపంగా లేదు, సంతోషంగానూ లేదు. రాత్రికి పిల్లకి ఏం చెప్పాలో వెతుక్కుంటున్నట్టుంది. "మిమ్మల్ని తీసేస్తారా?"

"తీసేయొచ్చు."

"రేపటికి ఉంటారా?"

"రేపటికి ఉంటాను."

"మాలాంటోళ్ళు ముప్పై ఇళ్ళు పైనే ఉన్నాయి సందులో. అందర్నీ తీసుకొస్తా. ఎవరు ఏ టైముకి ఏ పనికి పోతారో మీరే రాసుకోండి. కానీ షిఫ్టులకి ముందే రావాలి మేం. ఆరింటికల్లా."

"రండి," అంది డైరెక్టరమ్మ.

అన్నాక గానీ తట్టలేదు. ఆఫీసు తెరిచేది పదింటికి. అప్పటికి తాళాలు తీసి, ఫ్యాన్లు వేసి, బల్ల మీద నీళ్ళు పెట్టి ఉంటాయి. ఎవరు పెడతారో ఎన్నడూ చూడలేదు. పెద్ద గుమాస్తా కోసం వెనక్కి తిరిగింది. ఆయన అప్పటికే వెళ్ళిపోయాడు. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో ఆమెకి తెలియదు. మూడేళ్ళలో అడగాల్సిన పని పడలేదు. గేటు దగ్గర జనం ఇంకా ఉన్నారు. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని కనిపించిన వాళ్ళనల్లా అడుగుతూ ఆమె వాళ్ళ మధ్యలోకి నడిచింది.