గురువారం నాటి ఓటు

ఓరిన్ క్రాబ్‌ట్రీ మాట్లాడుతుంటే సాల్ట్ హాలోలో ముసలమ్మలు కూడా చెవి మెషీన్లు సరిచేసుకుని మరీ వింటారు. పద్దెనిమిదేళ్లుగా ఆ బొగ్గు కొండల తరఫున వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభలో కూర్చుంటున్న మనిషి. గని కార్మికుల ముందు నిలబడితే చాలు, టోపీ తీసి గుండెకు ఆనించుకుని, "మా తాత ఊపిరి ఈ కొండలోనే పోయింది" అని మొదలుపెడతాడు. తాత నిజంగానే గనిలో పనిచేశాడు, నిజంగానే దగ్గి దగ్గి పోయాడు. ఓరిన్‌తో వచ్చిన చిక్కల్లా అదే. అతను అబద్ధం ఆడడు.

అతని ఊరి ఆఫీసులో పదిహేడేళ్లుగా ఫోన్ ఎత్తుతున్నది నెడ్రా స్టిల్ట్‌నర్. రాని పింఛను కోసం, పోయిన కాగితాల కోసం, సైన్యం నుంచి తిరిగొచ్చిన కొడుకు మందుల కోసం జనం ముందు ఆమెకే చెప్పుకుంటారు. ఓరిన్‌కు ఓటేశామని చాలామంది అంటారు గానీ, వాళ్లు వేసింది నెడ్రాకే అని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. ఆమె భర్త డెల్బర్ట్ ముప్ఫై ఒక్క ఏళ్లు బొగ్గు తవ్వి, చివరి రెండేళ్లు కుర్చీలో కూర్చునే నిద్రపోయి, ఆరేళ్ల కిందట పోయాడు. పడుకుంటే ఊపిరి అందేది కాదు.

ఆ మంగళవారం ఓరిన్ చేతిలో కాఫీతో వచ్చి ఆమె బల్ల అంచు మీద కూర్చున్నాడు.

"నెడ్రా, శుక్రవారం సాయంత్రం ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగ్. ఐవా ముల్లిన్స్ పట్టు పట్టింది. బొగ్గు జబ్బు గురించి ఇన్నేళ్లూ నేనేమన్నానో, ఎటు ఓటేశానో, అంతా ఒక్క కాగితం మీద కావాలట."

"వాషింగ్టన్ ఆఫీసులో అంతమంది ఉన్నారు కదండీ. వాళ్లు చెయ్యరా?"

"వాళ్లు చేస్తే శుభలేఖలా ఉంటుంది. నువ్వు చేస్తే నమ్ముతారు. డెల్బర్ట్ భార్యవి."

ఆ మాట నెడ్రాకు బాగానే అనిపించింది. పొగడ్త ఎవరికి చేదు? పైగా ఈసారి ఓరిన్‌కు ఎదురు నిలబడ్డది గట్టి మనిషి. చాలా ఏళ్ల తరవాత ఎన్నికలంటే భయం పుట్టింది ఆ ఆఫీసులో.

కాగితం మధ్యలో గీత గీసి, ఎడమ పక్క అతను అన్నవి, కుడి పక్క వేసిన ఓట్లు రాసుకుంటూ పోయింది. మాటలు కోటలు దాటి కాళ్లు గడప దాటని నాయకులు ఆ సభలో కోకొల్లలు. ఓరిన్ అలాంటివాడు కాదని ఆమె నమ్మకం, కాగితం కూడా అదే చెబుతూ వచ్చింది. గనుల్లో గాలి తనిఖీకి అవునన్నాడు. ఆసుపత్రి బండ్లకు అవునన్నాడు. రెండు తపాలా కార్యాలయాలకు చనిపోయిన కార్మికుల పేర్లు పెట్టించాడు. వాటిని కాదన్నవాడు సభలో ఒక్కడూ లేడనుకోండి. రెండో రోజు మధ్యాహ్నానికి వచ్చేసరికి ఒక చోట ఆమె వేలు ఆగింది.

అది వితంతువుల సవరణ. భర్త పోయాక కొత్తగా డాక్టర్ల చుట్టూ తిరగక్కర్లేదు, అతను బతికుండగా తీసిన ఎక్స్‌రే చాలు, భార్యకు సాయం ఇవ్వాలి అన్న నాలుగు వాక్యాలు. ఆ సవరణ కోసం ఓరిన్ ఆరు చోట్ల మాట్లాడాడు. ఓట్ల దగ్గర మాత్రం అవునన్నవాళ్లు రెండు వందల పదకొండు, కాదన్నవాళ్లు రెండు వందల పదకొండు. సమానంగా వస్తే సభలో ఓడినట్టే. క్రాబ్‌ట్రీ పేరు పక్కన, ఓటు వేయలేదు అని ఉంది.

నెడ్రా కళ్లజోడు తీసి తుడుచుకుంది. తన సాయం దరఖాస్తు తిరిగొచ్చింది సరిగ్గా ఆ కారణంతోనే. చనిపోయింది బొగ్గు ధూళి వల్లేనని రుజువు చాలదన్నారు. ఇతర ఆడవాళ్ల కోసం ఆ ఉత్తరాలకు జవాబులు రాసీ రాసీ, తన వంతు వచ్చేసరికి ఆమె కవరు విప్పకుండానే సంగతి తెలుసుకుంది.

ఆ సభలో ఒక ఆనవాయితీ ఉంది. ఓటు తప్పిపోయినవాళ్లు మర్నాడు సభా పుస్తకంలో రెండు ముక్కలు రాయించుకోవచ్చు: ఉండి ఉంటే ఎటు ఓటేసేవాళ్లో. ఆ ముక్కలు లెక్కలోకి రావు, గెలుపోటములు మారవు, కానీ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఓరిన్ కూడా రాయించాడు. "ఊపిరితిత్తుల జబ్బుతో మరణించిన ఒక గని కార్మికుడి అంత్యక్రియల కోసం నా నియోజకవర్గంలో ఉన్నాను. సభలో ఉండి ఉంటే అవునని ఓటు వేసేవాడిని."

కింద తేదీ ఉంది. ఆ తేదీ నెడ్రా మర్చిపోయేది కాదు.

మొదట ఆమెకు కలిగింది గర్వమే. మా డెల్బర్ట్ దేశం పుస్తకంలోకి ఎక్కాడే అనుకుంది. పేరు లేకపోయినా అతనే కదా. ఓరిన్ నల్ల సూటు వేసుకుని, శవపెట్టెకు ఒక మూల భుజం పెట్టి, జారే గడ్డి మీద కొండ పైదాకా మోసింది ఆమె కళ్ల ముందు ఇంకా ఉంది. ఆ కొండ దారిలో ఎంతమంది అన్నారో, నీ మొగుడు అదృష్టవంతుడే నెడ్రా, అని.

తరవాత వారం పేరు చూసింది. గురువారం.

డెల్బర్ట్ పోయింది ఆదివారం. అంత్యక్రియలు శనివారం అనుకున్నారు. దూరం నుంచి వచ్చేవాళ్లకు వీలుగా ఉంటుందని, ముఖ్యంగా ఒహాయోలో ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే మరిది రాయిస్ కోసం. సోమవారం సాయంత్రం ఓరిన్ ఫోన్ చేశాడు. "శనివారం నాకు కుదరదు నెడ్రా. గురువారం పెట్టుకోగలిగితే తప్పకుండా వస్తాను. పెట్టె ఒక మూల నేనే పట్టుకుంటాను" అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని పాస్టరుకు చెప్పి, సమాధి తవ్వేవాళ్లకు చెప్పి, గురువారానికి మార్చింది. రాయిస్‌కు సెలవు దొరకలేదు. "మా అన్నకి నాకన్నా ఆ టై కట్టినోడు ఎక్కువా వదినా?" అని ఫోన్ పెట్టేశాడు. ఆరేళ్లుగా క్రిస్మస్‌కు కూడా పలకరింపు లేదు.

అప్పటికే పదకొండేళ్లు ఆ ఆఫీసులో పనిచేసిన మనిషికి తెలియనిదా? సభ్యులు వాషింగ్టన్‌లో ఉండేది వారం మధ్యలో. శనివారం వస్తే ఊళ్లోనే ఉంటారు. దుఃఖంలో ఆ సంగతి తట్టనే లేదు. అంత పెద్దమనిషి అడిగాడన్న మాట ఒక్కటే చెవిలో నిలిచింది.

అయినా తొందరపడకూడదని, ఆ ఏటి ఆఫీసు డైరీ బీరువాలోంచి తీసింది. ఆ వారం ఆమె సెలవులో ఉంది కాబట్టి రాత వేరేవాళ్లది. శనివారం, పదకొండు గంటలు, కొత్త వంతెన ప్రారంభం. ఆ వంతెన సమాధుల కొండకు పన్నెండు మైళ్లు.

నెడ్రా ఫోన్ మోగితే ఎత్తింది, ఎవరికో పింఛను ఆఫీసు నంబరు చెప్పింది, పెట్టేసింది. తరవాత కాగితం కుడి పక్క టైపు చేసింది: ఓటు వేయలేదు.

శుక్రవారం సాయంత్రం హాలుకు కారు నడిపింది ఆమే. పక్క సీట్లో ఓరిన్ కాగితం చదువుకుంటూ ఒక చోట ఆగాడు.

"ఇదెందుకు పెట్టావు?"

"ఉంది కాబట్టి పెట్టాను."

 మలుపు దాటాక ఆమే అడిగింది. "గురువారం ఓటుందని మీకెప్పుడు తెలిసిందండీ?"

"సోమవారం."

"నాకు ఫోన్ చేసిందీ సోమవారమే."

ఓరిన్ కిటికీలోంచి బయటికి చూశాడు. "పార్టీ పెద్దలు కాదనమన్నారు. అవునంటే మన రోడ్డుకు రావలసిన డబ్బు పోయేది. కాదంటే ఈ ఊళ్లో తలెత్తుకోలేను. ఏం చెయ్యమంటావు చెప్పు? నా ఒక్క ఓటుతో తేలుతుందని కలగన్నానా?"

"ఒక్క ఓటుతోనే తేలింది."

"పెట్టె మోశాను నెడ్రా. అది నాటకం కాదు. దారిలో ఏడ్చాను కూడా."

"తెలుసండీ. చూశాను."

ఆ ఏడుపు నిజమేనని ఆమె ఇప్పటికీ నమ్ముతుంది. అబద్ధమైతే ఇంత బాధ ఉండేది కాదు. పాము చావకుండా కర్ర విరగకుండా పని జరుపుకోవడానికి ఎవరైనా ఏదో ఒకటి వాడుకుంటారు. అతను వాడుకున్నది మాత్రం ఆమె మొగుడి శవాన్ని.

"సరే, ఉండనీ" అన్నాడు ఓరిన్ కాగితం మడుస్తూ. "దానికి నా దగ్గర సమాధానం ఉంది."

హాల్లోని ఎర్ర ఫైర్ ఇంజన్లు బయట నిలిపి, లోపల బల్లలు వేశారు. చిక్కుళ్ల కూర, మొక్కజొన్న రొట్టె ఒక మూల వేడిగా ఉన్నాయి. ఎనభై మందికి తక్కువ లేరు. నెడ్రా ఎప్పటిలాగే గోడ వారగా, ఆఫీసు మనుషులు నిలబడేచోట నిలబడింది. కాగితాలు చేతులు మారాయి. ఐవా ముల్లిన్స్ కర్ర ఊతంగా లేచింది. ఎనభై రెండేళ్ల మనిషి, మొగుణ్ణీ కొడుకునూ గనికే ఇచ్చింది. చిన్నప్పుడు ఓరిన్‌కు చర్చిలో పద్యాలు నేర్పింది ఆవిడే.

"నాయనా ఓరిన్, నా కళ్లు సరిగా ఆనవు. ఈ కింద నుంచి మూడోది చదివి పెట్టు."

చిన్న నవ్వులు వినిపించాయి. ఓరిన్ కూడా నవ్వాడు, తరవాత టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"ఓటు వేయలేదు అని ఉందమ్మా. నిజమే. ఆ రోజు నేను సభలో లేను. ఇక్కడ, మీ మధ్య ఉన్నాను. ఒక గని కార్మికుణ్ణి ఈ భుజం మీద మోస్తున్నాను. ఓటు గొప్పదా మనిషి గొప్పవాడా అంటే నేను మనిషి వైపే ఉన్నాను. కావాలంటే ఆయన భార్య ఇక్కడే ఉంది. చెప్పు నెడ్రా."

తలలన్నీ గోడ వైపు తిరిగాయి. కొందరి కళ్లు అప్పటికే చెమర్చాయి. అవునండీ, అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఉద్యోగం ఉండేది, ఓరిన్ గెలిచేవాడు, కొండ పైకి పెట్టె మోసిన ఆ పూట ఆమెకు చెక్కుచెదరకుండా మిగిలేది. 

"ఆయన రావడం నిజమే" అంది. "మోయడం నిజమే. కానీ మేం శనివారం పెట్టుకున్నాం. గురువారం చెయ్యమని అడిగింది ఆయనే. శనివారం ఇక్కడికి పన్నెండు మైళ్ల దూరంలో వంతెన రిబ్బను కోశారు."

ఎవరూ దగ్గలేదు. ఆ ఊళ్లో అది మామూలు సంగతి కాదు.

"మరి నువ్వెందుకు మార్చావే పిల్లా?" అంది ఐవా మెల్లిగా.

"అంత పెద్దాయన వస్తానన్నాడని. నలుగురూ చూస్తారని." నెడ్రా ఐవా వైపు తిరిగింది. "డెల్బర్ట్‌ను సొంత తమ్ముడు లేకుండా పూడ్చిపెట్టాను పిన్నీ. ఆ పూట అక్కడ ఒక్క ఓటు తక్కువైంది. మీ అందరికీ రావలసింది పోవడంలో నా చెయ్యి కూడా ఉంది."

ఐవా బెంచీ మీద పక్కకు జరిగి, ఖాళీ అయిన చోటు చేత్తో తట్టింది. నెడ్రా గోడ దగ్గర్నుంచి వచ్చి అక్కడ కూర్చుంది.

ఓరిన్ టోపీ ఇంకా గుండె మీదే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు చూసుకుని కిందికి దించాడు. "నేను నీ కోసం వచ్చాను నెడ్రా" అన్నాడు, హాలు మొత్తం వింటుందని మర్చిపోయినవాడిలా. "నేను రాకపోతే ఏమనుకునేదానివి?"

"ఏమీ అనుకునేదాన్ని కాదండీ" అంది నెడ్రా. "ఓటెయ్యడానికి అక్కడే ఉండిపోయారని తెలిస్తే, బతికున్నన్నాళ్లూ మీ పేరు చెప్పుకునేదాన్ని."